వినోదము – వివేకము

వర్తకుల యిండ్లలో తరచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. “దీనివలన వచ్చునదేమి?” అని. సరకు కొనునప్పుడు, గిడ్డంగి అద్దెకు తీసికొనునప్పుడు, బిడ్డను పై చదువునకు పంపునప్పుడు పెద్దలు ఈ మాట అడుగుదురు. అడుగుట నేర్చిన కుటుంబములు నిలిచినవి. అడుగుట మరచినవి చితికినవి. కావున ఇది లోభి ప్రశ్న యని త్రోసివేయుటకు వీలులేదు. అయితే ఇంటి కుఱ్ఱవాడు సెలవునాడు దుకాణము మాని కొండ యెక్కి వచ్చెదననినను, సైకిలు మీద గుట్టల వెంట పోయెదననినను, భోజనము చేసి నవల చేతబట్టి అరుగు మీద చేరగిలినను ఈ ప్రశ్నయే లేచును. అప్పుడు దానికి సమాధానము చిట్టా ఆవర్జాలలో దొరకదు.

కుఱ్ఱవాండ్రు సాధారణముగా చెప్పు సమాధానము బలహీనమైనది. నడక ఆరోగ్యమునకు మంచిదనియు, సైకిలు ఒంటికి వ్యాయామమనియు, నవలవలన భాష అబ్బుననియు వారందురు. ఈ మాటలు అబద్ధములు కావు. కాని ఆరోగ్యమే కావలసినయెడల పెరటిలో బస్కీలు తీసినను చాలును. భాషయే కావలసినయెడల నిఘంటువు చదివినను అబ్బును. కొండకు పోవువాడు కొండ కొఱకు పోవుచున్నాడు. నవల చదువువాడు కథ కొఱకు చదువుచున్నాడు. ఆ సంగతి దాచి లాభము చూపుట, సరకు మంచిదైనను చీటీ మార్చి అమ్మినట్లుండును. ఉన్నది ఉన్నట్లు ఒప్పుకొని, కేవలము మనస్సంతోషము కొఱకు గృహస్థుడు కొంత కాలము గడపుట ధర్మమా, కాదా యని విచారింపవలెను.

ఈ విచారణకు కోరాపుట్ జిల్లాలోని కకిరిగుమ్మ మంచి నిదర్శనము. ఇది తూర్పు కనుమలలో కోరాపుట్ నుండి రాయగడ పోవు రైలుమార్గము మీద నున్న చిన్న ఊరు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమగువరకు ఈ సీమ మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాకు చేరి, జయపుర సంస్థానములో భాగమై యుండెను. కాబట్టి తెలుగు మాటయు తెలుగు బేరమును ఇచ్చట క్రొత్తవి కావు. రైలుమార్గము 1998 డిసెంబరు నెలాఖరునకు పూర్తియైనది. ఒడిశాలోకెల్ల ఎత్తయిన దేవమాలి శిఖరము, 1,672 మీటర్లది, ఈ జిల్లాలోనిదే. చుట్టుపట్ల కొండలలో పరజలు, ఖోండులు నివసింతురు. ఖోండులు మాటలాడు కువి భాష తెలుగునకు దగ్గఱ చుట్టము. రెండును ద్రావిడ భాషలలో ఒకే శాఖకు చెందినవని భాషావేత్తలు నిర్ణయించిరి. ఈ మన్యపు సంతలకు చింతపండు, పసుపు, అల్లము, అడ్డాకులు, చోళ్లు, వలిసెలు దిగివచ్చును; ఉప్పు, బట్ట, నూనె, ఇనుప సామాను ఎక్కిపోవును. కొండ యెక్కుటకు, గుట్టదారిని సైకిలు త్రొక్కుటకు, ఏకాంతమున చదువుకొనుటకు ఇది అనువైన చోటు. ఒకరి వినోదము మఱియొకరి బ్రతుకుదారిని ఎట్లు తాకునో తెలిసికొనుటకును అనువైన చోటే.

పెద్దల యాక్షేపణను ముందుగా దాని పూర్తి బలముతో చెప్పుట న్యాయము. శ్రావకుని పండ్రెండు వ్రతములలో అనర్థదండ విరతి యొకటి. ప్రయోజనము లేని పాపమును మానుట దాని యర్థము. సమంతభద్రాచార్యుడు రత్నకరండ శ్రావకాచారమున అనర్థదండమును ఐదు విధములుగా విభజించెను: పాపోపదేశము, హింసాదానము, అపధ్యానము, దుఃశ్రుతి, ప్రమాదచర్య. ఊరక నేల త్రవ్వుట, నీరు చిమ్ముట, నిప్పు రగుల్చుట, చెట్టుచేమలు త్రుంచుట, పనిలేక తిరుగుట ప్రమాదచర్య క్రిందికి వచ్చును. మనస్సును కలుషము చేయు కథలు వినుట దుఃశ్రుతి. ఇంతేకాదు, దిగ్వ్రతము నాలుగు దిక్కులకే గాక మీదికిని క్రిందికిని కూడ హద్దు పెట్టుకొమ్మని చెప్పుచున్నది. మీది దిక్కు హద్దు దాటుట యనగా కొండ లెక్కుట మొదలగునవి యని వ్యాఖ్యాతలు వివరించిరి. ఈ లెక్కను చూడగా కొండనడక, సైకిలు, నవల మూడును ఒకేసారి దోషుల వరుసలో నిలుచునట్లు తోచును.

కాని “ప్రయోజనము” అను మాట దగ్గఱ ఆగి ఆలోచింపవలసి యున్నది. ప్రయోజనమనగా ధనమే యైనచో, నలువది యెనిమిది నిమిషములు కదలక కూర్చుండు సామాయికము కూడ నిష్ప్రయోజనమే. శత్రుంజయమున మూడువేలకు పైబడిన మెట్లెక్కుటయు, సమ్మేదశిఖరమున ఎక్కుట, చుట్టివచ్చుట, దిగుట కలిపి ఇరువదియేడు కిలోమీటర్లు కాలినడకను పోవుటయు నష్టపు బేరములే. అట్లని ఏ పెద్దయు ననడు. కాబట్టి శాస్త్రము తూచిన తూనిక వేఱు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున హింసను నిర్వచించుచు దానికి మూలము ప్రమాదమని చెప్పెను. నేటి తెలుగులో ప్రమాదమనగా బండి బోల్తాపడుట, నిప్పంటుకొనుట. శాస్త్రభాషలో ప్రమాదమనగా ఏమరుపాటు. ఎదుటివానిని, ఎదుటి ప్రాణిని గమనింపని మనస్సు. బండి బోల్తాపడుట ఆ ఏమరుపాటునకు ఫలము మాత్రమే. ప్రమాదచర్య యను పేరులోనే దోషమెచ్చటనున్నదో చెప్పబడినది. వినోదము దోషము కాదు, ఏమరుపాటు దోషము. ఈ తూనికరాతితో మూడు వినోదములను వేఱువేఱుగ తూచి చూడవచ్చును.

మొదటిది కొండనడక. దిగ్వ్రతము కొండ యెక్కవద్దని శాసింపలేదు. ఎంతదూరము పోవలెనో బయలుదేరకముందే నిర్ణయించుకొని, ఆ నిర్ణయమును మరువవద్దని చెప్పినది. ఇది కొండ నెఱిగినవాడు కూడ చెప్పు మాటయే. ప్రొద్దు వాలువేళకు దిగిరాగలిగినంత దూరమే ఎక్కవలెను. శిఖరము కనుల ముందున్నను వేళ మించినచో మరలవలెను. ఇంకొక సంగతి. ఇటలీ కవి పెట్రార్కు 1336 ఏప్రిల్ 26వ తేదీన తమ్మునితో కూడ ఫ్రాన్సు దేశమందలి వెంటూ కొండ నెక్కితినని తన లేఖలో వ్రాసెను. ఆ కొండ ఎట్లుండునో చూడవలెనను కోరిక తప్ప ఆయనకు వేఱు పని లేదు. శిఖరమున వెంట తెచ్చుకొన్న సెయింట్ అగస్టీను గ్రంథమును తెఱచి చూడగా, మనుష్యులు కొండలను చూచి అబ్బురపడుదురే గాని తమ్ము తాము చూచుకొనరను భావము కనబడెను. ఆయన సిగ్గుపడి, దిగివచ్చునంతసేపు మాటలాడక నడచెనట. కొండనడకను వినోదముగా ఎంచినవారిలో మొదటివాడని పేరుపడిన మనుష్యునికే ఈ సందేహము కలిగినది.

కకిరిగుమ్మ కొండలు చూచువాని కొఱకు ఖాళీగా నున్నవి కావు. ఆ దారిని ఎక్కిపోవు వర్తకుని కుమారునికి ఎదురుగా, తలమీద గంపతోనో భుజముమీద కావడితోనో సంతకు దిగివచ్చు మనుష్యులుందురు. వట్టి చేతులతో ఎక్కుచున్నను రొప్పు వచ్చును. అప్పుడాతనికి ఒక విషయము తెలియును. దుకాణములో తక్కెడ మీద ఇరువది కిలోలుగా కనబడిన చింతపండు అంతకుముందే తెల్లవారుజామునుండి ఒక మెడమీద తూగి వచ్చినది. సాయంకాలము బేరము కుదరకున్నచో దానిని తిరిగి కొండమీదికి మోసికొనిపోవలెను. అమ్మువాడు తుదకు ఎంతకైనను ఇచ్చుటకు ఒప్పుకొనుట ఆ యెక్కుడుకు వెఱచియే. అనగా బేరములో కొండ ఎల్లప్పుడు కొనువాని పక్షమున నిలుచుచున్నది. ఈ నిజమును గల్లాపెట్టె దగ్గఱ కూర్చున్నవాడు ఏండ్లు గడచినను గ్రహింపకపోవచ్చును. ఒక్కనాడు కొండ యెక్కినవాని మోకాళ్లు గ్రహించును. తక్కువ కొలత, దొంగ తూకము అచౌర్యవ్రతమునకు కళంకములని ప్రతి శ్రావకుడు ఎఱుగును. తూకము సరిగానే యుండి, ఎదుటివాని అలసటను ఆసరా చేసికొని ధర తగ్గించినచో దానినేమనవలెనో కొండనడక అడుగును. ఆ ప్రశ్న వినకుండ దృశ్యము మాత్రము చూచి వచ్చినవాడు చూడవలసినదానిలో సగమే చూచినాడు.

రెండవది సైకిలు. జర్మనీలో కార్ల్ డ్రైస్ అనువాడు 1817లో రెండు చక్రముల నడక బండిని చేసెను. 1888లో డన్లప్ గాలి టైరును కల్పించెను. కొండల కొఱకు ప్రత్యేకముగా సైకిళ్లు పుట్టినది ఇటీవలనే. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున కొందఱు యువకులు పాతకాలపు బరువైన సైకిళ్లను టమాల్పయిస్ కొండవాలు మీద వేగముగా దింపుట సరదాగా పెట్టుకొనిరి. దానినుండి దట్టపు టైర్లు, గట్టి బ్రేకులు, పెక్కు గేర్లు గల సైకిళ్లు బయలుదేఱినవి. 1996లో ఆ పందెము ఒలింపిక్ క్రీడలలో చేరినది. మన దేశమున సైకిలు చాలమందికి బరువు మోయు బండి. పాల బిందెలు, బట్టల మూటలు, కట్టెల మోపులు దానిమీదనే పోవును. ఒకే గుట్టదారిమీద ఒకడు సైకిలును కట్టెలతో నెట్టుకొనుచు ఎక్కును. ఇంకొకడు సరదాకై దానిని దించును.

ఇందులో తప్పేమియు లేదు. సైకిలు చమురు త్రాగదు. ఎక్కుడులో త్రొక్కువాని శ్రమను దాచదు. చిక్కంతయు దిగుడులోనే యున్నది. సాధువులు పాటించు ఈర్యాసమితి ముందు నాలుగు మూరల నేల చూచుకొనుచు నడువుమని చెప్పును. నాలుగు మూరలనగా రెండు మీటర్లకు లోపు. నడచువాడు ఆ దూరములో ఏది కనబడినను ఆగగలడు. గంటకు ఇరువది కిలోమీటర్ల వేగముతో దిగు సైకిలు ఒక్క సెకనులో ఐదున్నర మీటర్లు పోవును. కన్ను చూచి చేయి బ్రేకు నొక్కులోపలనే ఆ నాలుగు మూరలకు మూడింతల దూరము గడచిపోవును. వేగము రెండింతలైనచో బ్రేకు పట్టిన తరువాత ఆగుటకు కావలసిన దూరము నాలుగింతలగును. సాధువుల నియమము గృహస్థులకు అట్లే చెల్లదు. కాని దాని సారము అందఱికిని చెల్లును: కనబడినంత దూరములో ఆగగలిగినంత వేగమే తగిన వేగము. మలుపునకు ఆవల గంప మోయు ముసలమ్మ వచ్చుచుండవచ్చును, మేకలు పడుకొని యుండవచ్చును. అట్టి దారిమీద బరువు మోయువానిదే హక్కు. సరదాకు వచ్చినవాడు దిగి ప్రక్కకు నిలువవలెను. వానకాలములో మెత్తనైన వాలుమీద టైరు గాడి పడును. ఆ గాడి నీటికి కాలువయగును, కాలువ పెరిగి గండియగును. ఆ గండి క్రింద ఒకరి చోళ్ల చేను ఉండును. చాతుర్మాస్యమున సాధువులు సంచారము మాని ఒక్కచోట నుండుట భూమిమీద పెరుగు జీవరాశికి కీడు కలుగకుండుటకే. ఆ నాలుగు నెలలు సైకిలును రోడ్డు దిగనీయకున్నచో వినోదమునకు కలుగు లోటు స్వల్పము.

మూడవది నవల. పెద్దలకు దీనిమీదనే అనుమానము మెండు. కూర్చున్నచోట కూర్చుండి, లేని మనుష్యుల సుఖదుఃఖములతో కాలము పుచ్చుట వారికి వింతగా తోచును. తెలుగున నవల వయస్సు నూటయేబది యేండ్లకు కొంచెము మించి. నరహరి గోపాలకృష్ణమ సెట్టి శ్రీరంగరాజ చరిత్రము 1872లోను, కందుకూరి వీరేశలింగము రాజశేఖర చరిత్రము ఆ తరువాత కొలది యేండ్లకును వెలువడినవి. కాని కల్పిత కథ జైనులకు క్రొత్త కాదు. హరిభద్రసూరి సమరాదిత్య కథలో కథలను అర్థకథ, కామకథ, ధర్మకథ, సంకీర్ణకథ యని నాలుగు తెగలుగా చెప్పెను. ఉద్ద్యోతనసూరి మార్వాడ దేశమందలి జాలోరులో 779వ సంవత్సరమున కువలయమాలను ప్రాకృతమున వ్రాసెను. అందులో అంగడివీధిలోని నానాదేశపు వర్తకుల వర్ణనయు కలదు; వారిలో ఆంధ్రులు కూడ నున్నారు. క్రోధము, మానము, మాయ, లోభము, మోహము ఐదింటికిని ఐదుగురు మనుష్యుల కథలను ఆయన కల్పించెను. లోభమునకు దృష్టాంతమైన లోభదేవుడు వర్తకుడు. కూడ వచ్చిన భాగస్వామిని ధనాశచేత సముద్రమున త్రోసివేసినవాడు. వర్తకుల సంఘములో తిరిగి, వర్తకుల యింట భిక్ష గ్రహించు ఆచార్యుడు వర్తకునే దోషిగా చిత్రించుటకు వెనుదీయలేదు. విన్న శ్రావకులును దానిని దుఃశ్రుతి యనలేదు.

కకిరిగుమ్మ సీమకు కూడ అట్టి కథయొకటి కలదు. ఒడియా నవలాకారుడు గోపీనాథ మహాంతి ప్రభుత్వోద్యోగియై కోరాపుట్ జిల్లాలో చాలకాలము పనిచేసి, అచ్చటి కొండజాతులను గూర్చి వ్రాసెను. ఖోండుల జీవితమును చెప్పు ఆయన అమృతర సంతానమునకు 1955లో సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. 1973లో ఆయనకు జ్ఞానపీఠ పురస్కారము వచ్చెను. 1945లో వెలువడిన పరజా యను నవలలో సుక్రు జానీ యను కొండరైతు కొడుకులతో, కూతుళ్లతో గుట్టుగా బ్రతుకుచుండును. అడవి నఱికినందుకు జుల్మానా పడును. అది కట్టుటకు సాహుకారు వద్ద అప్పు చేయును. అప్పునకు బదులుగా గోతిగా, అనగా వెట్టివానిగా, పనికి కుదురును. వడ్డీ పెరుగును, భూమి పోవును, కుటుంబము చెదరును. తుదకు సాహుకారు గొడ్డలిపాలగుటతో కథ ముగియును. గోతి పద్ధతిని ఒరిస్సాలో 1948 నాటి నిబంధన రద్దుచేసినది. 1956లో గిరిజనుల భూములు ఇతరుల పాలుగాకుండ మఱియొక నిబంధన వచ్చినది. 1976లో దేశమంతటికిని వెట్టిచాకిరి నిర్మూలన చట్టము ఏర్పడినది. చట్టములు వచ్చినవి. కాని చట్టము చేయలేని పని యొకటి ఆ నవల చేయగలదు.

దుకాణపు ఆవర్జాలో బాకీదారుడు ఒక్క పంక్తి: పేరు, అసలు, వడ్డీ, గడువు. నవలలో ఆ బాకీ యొక్క పంక్తియే. తక్కిన పుస్తకమంతయు ఆ మనుష్యుడు. వాని పొలమెట్టిది, కూతురి పెండ్లిని గూర్చి వాడేమి తలచుచున్నాడు, వేలిముద్ర వేయునప్పుడు వాని గుండె ఎట్లు కొట్టుకొనినది అను సంగతులు ఏ వర్తకుడును సంతలో వినజాలడు. అడుగుటకు తీరిక యుండదు. చెప్పుటకు వానికి ధైర్యముండదు. అహింసావ్రతమునకు కళంకములలో అతిభారారోపణ మొకటి. పశువు మోయగలిగినదానికంటె మించి బరువెత్తుట. ఎద్దు వంగిపోవుట కంటికి కనబడును. అప్పుతో వంగిన మనుష్యుడు కంటికి నిలువుగానే కనబడును. ఆ వంపును చూపించునట్టి నవలను పనిలేని చదువని యెట్లనవచ్చును?

అయితే ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. కథలోని సుక్రు జానీ కొఱకు రాత్రి కన్నీరు కార్చి, తెల్లవాఱి అట్టివాడే గుమ్మము ముందు నిలిచినప్పుడు మొగము చూడక చీటీ వ్రాసికొను చదువరి లేకపోలేదు. వానికి నవల మేలు చేయలేదు సరిగదా, తనది మెత్తని మనస్సను భ్రమను కలిగించి కీడు చేసినది. కొండనడకయు అంతే. వారము వారము శిఖరమెక్కుచు, దిగివచ్చి అలసిన మనుష్యుని అలసటను వాడుకొనువాడు ఆ కొండవలన బలిసిన కాళ్లు తప్ప మఱేమియు పొందలేదు. వినోదము మనుష్యుని తప్పక మార్చుననుట పొరపాటు. అది కన్ను తెఱచుటకు అవకాశమిచ్చును. తెఱచుట మాత్రము వానివంతు.

ఇంత చెప్పిన తరువాత ఒక సందేహము మిగులును. వినోదమునుండి దయ, వివేకము రావలెనని కోరుటయు లాభము కోరుటయే కదా? “దీనివలన వచ్చునదేమి?” అను పాత ప్రశ్నయే వేషము మార్చుకొని వచ్చినది కదా? ఈ సందేహము న్యాయమైనది. దానికి సమాధానమిది. ప్రతి నడకనుండియు ఒక నీతిని, ప్రతి పుస్తకమునుండియు ఒక ఉపదేశమును వసూలు చేయబూనుట కూడదు. వలిసె చేలు పూచి కొండవాలంతయు పసుపుపచ్చనై యున్నప్పుడు చూచి సంతోషించుటకు సంజాయిషీ అక్కఱలేదు. ఆ చూపువలన పువ్వు తఱుగదు, చేనుగలవానికి నష్టము లేదు. లోకములో అనేక సుఖములు ఒకరు అనుభవించినచో మఱియొకరికి మిగులవు. వీనిలో చాలవఱకు అట్లుగాక అందఱికిని మిగిలియుండును. అపరిగ్రహము అభ్యసింపగోరు గృహస్థునకు, తనదిగా చేసికొనకుండ సంతోషించుట నేర్పు పాఠశాల ఇంతకంటె సులభమైనది లేదు. కొనుటకును అమ్ముటకును వీలులేని వస్తువును ఎట్లు ప్రేమింపవలెనో వర్తకుని బిడ్డకు ఎక్కడనో ఒకచోట తెలియవలెను గదా. కాబట్టి వినోదమునుండి రాబడి నడుగనక్కఱలేదు. అందువలన ఇతరునిమీద పడు ఖర్చు ఎంత యని మాత్రము తప్పక అడుగవలెను.

కావున పెద్దలు కుఱ్ఱవానిని ఆపుటకు బదులు మూడు మాటలు అడిగినచో చాలును. ఎచ్చటిదాక పోయెదవు, ఎప్పుడు మరలెదవు? దారిలో ఎవరికి త్రోవ యిచ్చితివి? చదివిన పుస్తకములో నీకు తగిలిన మనుష్యుడెవరు? వీనికి జవాబు చెప్పగలిగినవాడు కాలమును వృథాచేయలేదు. కుఱ్ఱవాండ్రును తమ వినోదమునకు ఆరోగ్యమనియు విజ్ఞానమనియు ముసుగు వేయుట మానవలెను. సంతోషము కొఱకు పోవుచున్నామని నిర్భయముగా చెప్పి, దుకాణములో తమ వంతు పని ముగించి పోవుట వారికి గౌరవము. మఱునాడు సంతలో గంప దించుకొని చెమట తుడుచుకొనుచున్న మనుష్యునికి మొదట మంచినీళ్లిచ్చి, కూర్చుండుమని చెప్పి, ఆ తరువాత తక్కెడ ఎత్తినచో వారు కొండకు పోయివచ్చినట్లే.